కౌమారమున తొలి దరఖాస్తు



పదవ తరగతి పరీక్షలు మార్చి నెలలో జరుగును. ఏప్రిల్ చివరివారమున బడులు మూతపడును. జూన్ రెండవ వారము వచ్చువరకు మరల గంట మ్రోగదు. నూజివీడు సీమలో మామిడి కాపు చేతికి వచ్చుటయు సరిగా ఈ దినములయందే. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెము ప్రాంతముల తోటలలో చిన్నరసములు, పెద్దరసములు, బంగినపల్లి, కలెక్టరు కాయలు ఒకదాని వెంట నొకటి పక్వమునకు వచ్చుచుండగా, కోయువారు, మోయువారు, ఏరువారు, కాటా వేయువారు, లెక్క వ్రాయువారు, నున్న మార్కెట్టునకు సరకు తోలువారు తీరిక లేక తిరుగుచుందురు. చదువునకు విరామమును, పనికి ముమ్మరమును ఒక్క కాలముననే సంభవించుటచేత, ఈ ప్రాంతమున పదునాలుగు పదునైదేండ్ల ప్రాయముగల బాలబాలికలకు, తామును ఎక్కడనైన నాలుగు వారములు పనిచేసి స్వార్జితమనదగిన ధనమును కన్నులజూడవలెనను కోరిక కలుగుట వింత గాదు.

ఆ కోరికతో ఒక దుకాణమునకో, ఒక నర్సరీకో, ఒక కార్యాలయమునకో పోయినవారికి మొదట వినవచ్చు మాట "బయోడేటా పట్టుకొని రా" అనునదియే. వెంటనే ఆ పిల్లవాడు జిరాక్సు దుకాణమునకు పోవును. అచ్చటి కంప్యూటరులో పూర్వమెవరికొరకో సిద్ధపరచిన ప్రతి యొకటి యుండును. దానియందలి పేరును, తండ్రి పేరును, పుట్టిన తేదీని మార్చి, క్షణములో ముద్రించి యిత్తురు. అభ్యర్థి కష్టపడి పనిచేయువాడనియు, శీఘ్రముగ నేర్చుకొనువాడనియు, నలుగురితో కలిసి మెలగువాడనియు ఆ ప్రతియందు వ్రాసియుండును. అదే యంత్రమునుండి అంతకుముందు వెలువడిన కాగితములన్నియు ఆ మాటలనే చెప్పినవి. ఇకముందు వెలువడునవియు చెప్పును. ఇన్ని సద్గుణములతో నిండిన ఆ కాగితమునందు ఆ పిల్లవాడు మాత్ర మెక్కడను కానరాడు. చదువువానికి వ్రాసినవాడు కనబడునట్టి కాగితమును కౌమారమున నున్నవారు తమంతట తామెట్లు సిద్ధపరచుకొనవచ్చునో విచారించుటయే నేటి ప్రసంగవిషయము.

వయసు మాట మొదట తేల్చుకొనవలెను. బాలకార్మిక నిషేధ చట్టము 1986లో వచ్చినది. 2016లో దానిని సవరించి, బాలుర నొక తరగతిగను, కౌమారుల నొక తరగతిగను విభజించిరి. పదునాలుగేండ్లు నిండని పిల్లలను ఏ పనియందును నియమింపరాదు. బడివేళలు ముగిసిన పిమ్మటనో, సెలవులలోనో తమ కుటుంబమునకును, కుటుంబము నడుపుకొను నపాయము లేని వృత్తికిని సాయపడుటయు, కొన్ని నియమములకు లోబడి కళాకారులుగ పాల్గొనుటయు మాత్రమే దీనికి మినహాయింపులు. 14 ఏండ్లు నిండి 18 నిండనివారు కౌమారులు. వీరు గనులలోను, మండెడి ప్రేలెడి పదార్థములతోడి పనులలోను, అపాయకరములని చట్టము పేర్కొన్న ప్రక్రియలలోను దిగరాదు. తక్కిన చోట్ల పనిచేయవచ్చును. కాని ఎడతెగక 3 గంటలకు మించి చేయింపరాదు. పిదప గంటసేపైనను విశ్రాంతి నీయవలెను. విశ్రాంతియు, పనికొరకు వేచియుండు కాలమును కలుపుకొని దినమునకు 6 గంటలు దాటరాదు. రాత్రి 7 గంటలనుండి ఉదయము 8 గంటలవరకు పనియే కూడదు. అదనపు గంటల మాట యెత్తరాదు. వారమున కొకదినము సెలవు విధిగా నుండవలెను.

ఈ నియమములను మామిడి వ్యాపారమునకు అన్వయించి చూచినచో కొన్ని పనులు తమంతట తామే తొలగిపోవును. అర్ధరాత్రి లారీకి సరకెత్తుటయు, తెల్లవారుజామున మార్కెట్టులో దింపుటయు కౌమారుల పనులు గావు. కాల్షియం కార్బైడుతో కాయలను మాగబెట్టుటను ఆహారభద్రతా నిబంధనలు పెద్దలకే నిషేధించినవి. తేమ తగిలినంతనే అది మండెడి వాయువు నీను పదార్థమగుటచే, దానిని పిల్లవాని చేత పట్టించుట నేరముమీద నేరము. ఎత్తైన కొమ్మలెక్కి కోయుటయు, పురుగుమందులు చల్లుటయు చట్టముతో పనిలేకయే తల్లిదండ్రులు వారింపదగిన పనులు. ఇవి పోగా మిగిలినవి తక్కువేమియు గావు: కాటా చీటీలు వ్రాయుట, పెట్టెలపై రకము పేరుగల చీటీలంటించుట, నర్సరీలో మొక్కల లెక్క చూచుట, దుకాణమున సరకు సర్దుట, తెలుగు టైపు చేయుట, చిన్నపిల్లలకు లెక్కలు చెప్పుట. దరఖాస్తు పెట్టబోవువాడు తనకు తగిన పని యేదో, తగని దేదో ముందుగనే ఎరిగియుండుట వానికి రక్ష, యజమానికిని రక్షయే.

రెండవ యడ్డంకి మన సంస్కారమునుండియే వచ్చుచున్నది. తన్ను తాను పొగడుకొనుట తప్పని పెద్దలు నేర్పిన యింట పెరిగిన పిల్లను పిలిచి, నీవేమి చేయగలవో వ్రాయుమన్నచో, తల వంచుకొని "నాకేమీ రాదండీ" అనును. ఆ పిల్లయే ఇంట తమ్మునిచేత ఎక్కములు వల్లెవేయించును. అమ్మమ్మ మందుల వేళలు తప్పకుండ చూచును. తాతగారికి బ్యాంకు కాగితములు పూరించి యిచ్చును. ఇవి పనులని ఆమెకు ఎవరును చెప్పియుండలేదు. జీతము లేనిది పని కాదని మన మనుకొనుచుంటిమి. పిల్లలును అట్లే అనుకొనుచున్నారు. ఇక జంకు విడిచిన పిల్లవాని సంగతి జూచితిమా, వాడు రెండవ కొసకు పోయి, అన్నియు తనకు వచ్చునని వ్రాయును. మౌనమునకును డంబమునకును నడుమ నొక మార్గము కలదు. దానికి మన వాఙ్మయముననే చక్కని యుదాహరణ మున్నది.

భారతమున విరాటపర్వమును తలచుకొందము. తిక్కన సోమయాజి తన యాంధ్రీకరణమునకు శ్రీకారము చుట్టినది ఈ పర్వముతోడనే. అజ్ఞాతవాసము గడుపవలసిన పాండవులు ఒక్కరొక్కరుగ వచ్చి మత్స్యరాజును కొలువడుగు ఘట్టము దానియందు కలదు. లోకమునెల్ల జయింపగల ఆ వీరులలో నొక్కడును తాను వీరుడనని చెప్పుకొనలేదు. భీముడు వంట యెరుగుదుననెను, మల్లయుద్ధము తెలియుననెను. నకులుడు గుర్రముల స్వభావమును, వాని రోగములకు చికిత్సయు చెప్పెను. సహదేవుడు గోవుల పోషణమును, వాని లెక్కయు చెప్పెను. అర్జునుడు బృహన్నలయై నృత్యగీతములు నేర్పుదుననెను. ఒక్కొక్కరు తనకు వచ్చిన యొక్క పనిని పేర్కొని, దానిని పూర్వమెక్కడ చేసినదియు చెప్పిరి. ఎక్కడనగా, ధర్మరాజు కొలువున! తమ యింటి పనినే అనుభవముగా చూపించుకొనిరన్నమాట. వారికి పేరు దాచవలసిన యగత్యముండెను గనుక పేరు దాచిరి. పనిని దాచలేదు, పెంచియు చెప్పలేదు. నేటి యభ్యర్థికి పేరు దాచు నవసరము లేదు, దాచుట న్యాయమును గాదు. తక్కిన పద్ధతి యంతయు వానికి పనికివచ్చును. ఏ పని, ఎక్కడ చేసినది, ఎవరెరుగుదురు అను మూడు ప్రశ్నలకు ఉత్తరమున్న వాక్యము లెక్క యగును. ఉత్తరము లేనిది స్తుతి యగును. తొలి బయోడేటా స్తుతిపాఠము గాక, సాక్షులున్న లెక్కగా నుండవలెనన్నదియే నేను మనవి చేయదలచిన ముఖ్యవిషయము.

లెక్క చిన్నదైనను సిగ్గుపడ నక్కరలేదని చూపుటకు మన పెద్దల చరిత్రలే చాలును. కాశీయాత్ర చరిత్రను రచించిన ఏనుగుల వీరాస్వామయ్యగారు బాల్యముననే తండ్రిని గోల్పోయి, ఇంగ్లీషు నేర్చి, పండ్రెండేండ్ల ప్రాయముననే చెన్నపట్టణమున బోర్డ్ ఆఫ్ ట్రేడ్ కార్యాలయమున వాలంటీరుగా ప్రవేశించి పని నేర్చుకొనిరి. పిమ్మట అక్కడి సుప్రీంకోర్టులో ప్రధాన ద్విభాషియైరి. ఆ వయసున కొలువునకు పోవుట నేటి చట్టము సమ్మతింపని విషయమే. నేర్చుటకై ముందుగ నొకచోట చేరి, నేర్చిన దానిచే నెదుగుట మాత్రము నేటికిని అనుసరింపదగిన క్రమమే. 1863లో జన్మించిన గిడుగు రామమూర్తిగారు పండ్రెండవయేట తండ్రిని గోల్పోయి, 1879లో మెట్రిక్యులేషను నెగ్గి, మరుసటియేడే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 30 రూపాయల జీతముమీద ఉపాధ్యాయులైరి. అప్పటికి వారికి ఇరువదియేండ్లు నిండలేదు. చేతనున్నది మెట్రిక్యులేషను మాత్రమే. పట్టభద్రులగుట, సవరభాషకు వ్యాకరణ నిఘంటువులు కూర్చుట, వ్యావహారికభాషకై పోరుట, ఇవియన్నియు ఆ తొలి యుద్యోగము తరువాతి మాటలు.

మరియొక దరఖాస్తును గూర్చి చెప్పవలెను. 1912వ సంవత్సరము ఫిబ్రవరిలో, నూజివీడును నాడు తనలో గలుపుకొనియున్న మద్రాసు రాజధానియందే, ఇరువదినాలుగేండ్ల యువకు డొకడు మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా పనికి దరఖాస్తు పెట్టుకొనెను. కళాశాలలోని ఎఫ్.ఏ. పరీక్షలో తప్పినవాడు. అంతకుమించిన చదువు గలదని నాతడు చెప్పుకొనలేదు. మెట్రిక్యులేషను వరకు నెగ్గితిననియు, పైచదువు కొన్ని యిబ్బందులచే సాగలేదనియు, ఆ కాలమంతయు గణితమునకే వినియోగించితిననియు, పని యిచ్చినచో దానికి న్యాయము చేయగలననియు నాలుగు ముక్కలలో వ్రాసి, ప్రెసిడెన్సీ కళాశాల గణితాచార్యుడు మిడిల్‌మాస్టుగారి సిఫార్సును జతపరచెను. మార్చి 1వ తేదీనుండి నెలకు 30 రూపాయల జీతముమీద ఉద్యోగము లభించినది. ఆ యువకుడే శ్రీనివాస రామానుజన్. మరుసటియేడు కేంబ్రిడ్జిలోని గణితవేత్త హార్డీగారికి వ్రాసిన జగత్ప్రసిద్ధమగు లేఖలోను, తాను పోర్టు ట్రస్టు గుమాస్తానని, సంవత్సరమునకు 20 పౌండ్లు మాత్రమే జీతమని, విశ్వవిద్యాలయపు చదువు లేదని మొదటనే చెప్పుకొని, ఆ తరువాతనే తన గణితమును ముందుంచెను. లేనిదానిని లేదని స్పష్టముగ వ్రాసిన కలమే ఉన్నదానిని ఉన్నదని చెప్పినప్పుడు నమ్మదగినదగును. మార్కులు తగ్గినవని, ఒక సంవత్సరము పోయినదని కుంగిపోవు పిల్లలు ఈ రెండు లేఖల సంగతి తెలిసికొనవలెను.

ఇక మన నూజివీడు పిల్లవాడు తన లెక్కయందు చేర్చదగినవి ఏవి? తోటగలవాని బిడ్డ, లేదా తోటను గుత్తకు తీసికొన్నవాని బిడ్డ, "వ్యవసాయమున సాయపడుదును" అని వ్రాసినచో చదువువానికేమియు తెలియదు. "రెండు వేసవులనుండి మా తోటలో కోతనాటి కాటా చీటీలు వ్రాయుచున్నాను, రకములవారీగ బరువును కూడి, సాయంకాలము నాన్నగారికి లెక్క యొప్పగించుచున్నాను" అని వ్రాసినచో, వానికి కూడిక వచ్చునని, రకములు తెలియునని, ఒప్పగించిన పని ముగించునని మూడు సంగతులు తెలిసిపోవును, వీనిలో నొక్కటియు వాడు నోట పలుకలేదు. సొన కారి కాయకు మచ్చ పడకుండ కాడతో కోసిన కాయలను వేరుచేయుట తెలిసిన పిల్ల, ఆ మాటను అట్లే వ్రాయవచ్చును. మామిడి వ్యాపారికి అది యొక డిగ్రీవంటిది. నూజివీడు వీణలకు ప్రసిద్ధి. పనసకర్రను నునుపుచేయుటలోను, మెట్లు నిలుపుటకు మైనము పట్టించుటలోను తండ్రికి తోడ్పడిన పిల్లవాడు తనకు చేతిపని యందు ఓర్పు గలదని వేరుగ చెప్పుకొన నక్కరలేదు. 2020నాటి జాతీయ విద్యావిధానము ఆరవ తరగతినుండి ఎనిమిదవ తరగతి వరకుగల పిల్లలు పది దినములపాటు పుస్తకముల సంచి లేకుండ, స్థానికులగు వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారులు మున్నగువారివద్ద పని నేర్చుకొనవలెనని సూచించినది. అట్టి యవకాశము దొరికినవారు, నేర్చినదేమో ఆ దినముననే నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. రెండేండ్ల తరువాత బయోడేటా వ్రాయునప్పుడు జ్ఞాపకమునకంటె ఆ పుస్తకమే మేలు.

బడిలో చేసిన పనులు వేరొక వరుస. ఎన్.సి.సి.లో పొందిన 'ఏ' సర్టిఫికెట్టు, స్కౌట్స్ అండ్ గైడ్స్ పురస్కారము, ఎనిమిదవ తరగతిలో పరీక్ష వ్రాసి సంపాదించిన జాతీయ ప్రతిభా ఉపకారవేతనము, ఇన్‌స్పైర్ ప్రదర్శనకు చేసిన నమూనా, ఇవియన్నియు సాక్ష్యమున్న పంక్తులు. 2008లో మన యూర నెలకొని, పదవ తరగతి ముగియగనే పిల్లలను చేర్చుకొని ఆరేండ్ల చదువు చెప్పు ట్రిపుల్ ఐటీకి పెట్టుకొను దరఖాస్తే పలువురు పల్లెపిల్లలకు జీవితమున మొదటి దరఖాస్తు. ఆ ప్రవేశములలో మార్కులే ప్రధానమైనను, ఎన్.సి.సి., క్రీడలు, స్కౌట్స్ వంటి కొన్ని విభాగములకు ప్రత్యేకముగ సీట్లుండుటచే, ఆ ధ్రువపత్రములను దాచుకొన్నవారికి అవి యక్కరకు వచ్చినవి. మార్కుల పంక్తి మనలను గూర్చి పరులు వ్రాసినది. బయోడేటాలోని తక్కిన పంక్తులను మనమే వ్రాసికొనవలెను. ఈ తేడాను గ్రహించిన పిల్లలు పరీక్షాఫలితములు రాకపూర్వమే పని మొదలుపెట్టుదురు.

కాగితపు రూపమును గూర్చి కొంచెము చెప్పెదను. ఒక్క పుట చాలును. పదునైదేండ్లవాని చరిత్రకు రెండవ పుట యేల? మొదట పేరు. తెలుగువారి పేరులో ఇంటిపేరు ముందుండును. ఒకచోట అది పొడియక్షరముగ, మరియొకచోట పూర్తిగా, వేరొకచోట పేరునకు వెనుకగ వచ్చి చిక్కులు తెచ్చును. పదవ తరగతి ధ్రువపత్రమున పేరును, పుట్టిన తేదీయు ఎట్లున్నవో అక్షరము పొల్లుపోకుండ అట్లే వ్రాయవలెను. ఆధారులో వేరుగనున్నచో ముందే సరిచేయించుకొనవలెను. తపాలాశాఖవారు గ్రామీణ డాక్ సేవకులను పదవ తరగతి మార్కుల ననుసరించియే తీసికొందురు. దానికి 18 ఏండ్లు నిండవలెను గాని, ఆనాడు చూపవలసిన కాగితము నేటి యీ కాగితమే. పేరు పిమ్మట ఊరు, మండలము, తల్లిదండ్రులలో నొకరి ఫోను నంబరు. తరువాత చదువు. దాని తరువాత చేసిన పనులు; ఇటీవలిది ముందు, పాతది వెనుక. పిదప వచ్చిన భాషలు, చేతనైన యంత్రములు. తెలుగు టైపు వచ్చినచో తప్పక వ్రాయవలెను, వచ్చువారు మన మనుకొనునంత మంది లేరు. చివర, మనలను గూర్చి అడిగి తెలిసికొనుటకు ఇద్దరి పేర్లు. వారిలో నొకరైనను బంధువులు కాకుండుట మంచిది. ఉపాధ్యాయుడు, గ్రంథాలయాధికారి, పనిచేయించుకొన్న ఇరుగుపొరుగువారు, ఎవరైనను సరే, వారి యనుమతి పొందియే పేరు చేర్చవలెను.

వదలిపెట్టదగినవియు కొన్ని యున్నవి. పెండ్లిసంబంధములకు పంపు బయోడేటాను చూచి చూచి మనవారు ఉద్యోగపు బయోడేటాలోను కులము, గోత్రము, తండ్రి యాస్తి, శరీరవర్ణము వ్రాయుచుందురు. ప్రభుత్వపు ఫారములు రిజర్వేషనుల నిమిత్తము కులధ్రువీకరణ నడిగినప్పుడు ఈయవలసినదే. దుకాణమున లెక్క వ్రాయుటకు గోత్రముతో పనిలేదు. ఆధారు సంఖ్య, బ్యాంకు వివరములు తొలికాగితమున నుండరాదు. 2023నాటి వ్యక్తిగత సమాచార రక్షణచట్టము 18 ఏండ్లు నిండనివారిని పిల్లలుగానే యెంచి, వారి వివరములను సేకరించువారు తల్లిదండ్రుల సమ్మతి పొందవలెనని నిర్దేశించినది. అభిరుచులు అను శీర్షిక క్రింద క్రికెట్టు, సినిమాపాటలు అని వ్రాయుట అందరును చేయుపనియే; చదువదగినదేమైన నున్నచో వ్రాయుడు, లేనిచో ఆ శీర్షికనే వదలుడు. చిట్టచివర, పై వివరములు నాకు తెలిసినంతవరకు సత్యములని వ్రాసి సంతకము చేయు నాచారము మనకున్నది. పలువురు దానిని చదువకయే సంతకము చేయుదురు. ఆ వాక్యమును ముందు వ్రాసికొని, తక్కిన పుటను దాని కనుగుణముగ పూరించుట మంచి యభ్యాసము.

బయోడేటాతో బాటు ఒక చిన్న యుత్తరము పెట్టవలెను. ఇది గ్రాంథికమున నుండ నక్కరలేదు. నావంటివారు పాతయలవాటుచే ఇట్లు మాటలాడుచున్నను, గిడుగువారి పోరాటఫలమును అనుభవించు హక్కు మీకు గలదు. మాదిరి యొకటి చదివెదను.

"నర్సరీ యజమాని గారికి నమస్కారం. నాకు పదిహేనేళ్లు. పదో తరగతి పరీక్షలు రాశాను. మే నెలంతా మీ నర్సరీలో ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా పనిచేయాలని ఉంది. మా ఇంటి దొడ్లో మామిడి మొక్కలకు నీళ్లు పెట్టడం, ఏ మొక్క ఏ రకమో చీటీ కట్టడం, ఎన్ని బతికాయో పుస్తకంలో రాయడం రెండేళ్లుగా నా పనే. ఆ పుస్తకం తెచ్చి చూపిస్తాను. అంటు కట్టడం ఇంకా రాదు, నేర్చుకోవాలని ఉంది. నా గురించి మా సైన్సు మాస్టారిని అడగవచ్చు, ఆయన సరేనన్నారు. ఈ సంగతి మా అమ్మకు తెలుసు, ఆమె సంతకం కింద ఉంది. మీరు రమ్మన్న రోజున అమ్మతో కలిసి వస్తాను."

ఇంతే. ఏ పని, ఎప్పటినుండి ఎప్పటివరకు, ఏ వేళలలో అన్నది మొదటనే యున్నది. నడుమ గంట విశ్రాంతి యున్నచో ఆ వేళలు చట్టమునకు లోబడియే యున్నవి. వచ్చినది చెప్పినాడు, రానిదియు చెప్పినాడు, నిదర్శనముగ పుస్తకము చూపెదనన్నాడు, సాక్షిని చూపినాడు, ఇంటివారి సమ్మతి తెలిపినాడు. మీ సంస్థ మహోన్నతమైనదని గాని, తాను దానికి సేవచేయుటచే ధన్యుడనగుదునని గాని వ్రాయలేదు. ఈ యుత్తరమును నకలు చేసికొని పోవలదు. నకలు చేసినచో నేను మొదట నిందించిన జిరాక్సు దుకాణపు ప్రతికిని దీనికిని భేదముండదు. మీ దొడ్డిలో మొక్కలు లేకపోవచ్చును, మరేదో యుండును, ఉన్నదానిని వ్రాయుడు.

వ్రాసినదానిని బిగ్గరగ ఒకరియెదుట చదువుడు. చదువుచుండ నోరు తడబడిన చోట అతిశయోక్తి గాని, అరువుమాట గాని యుండును, దానిని తీసివేయుడు. వీలైనచో స్వయముగ పోయి కాగితమును చేతికిచ్చుట మేలు. వాట్సాపులోనో, మెయిలులోనో పంపవలసివచ్చినచో పీడీఎఫ్‌గ మార్చి, దస్త్రమునకు మీ పేరే పెట్టుడు. మూలధ్రువపత్రములను ఎవరికిని అప్పగింపవలదు. నకళ్లు చాలును, మూలములను చూపి వెంటనే తెచ్చుకొనుడు. ఉద్యోగమిప్పింతుము, ముందు రుసుము కట్టుడని యెవరైన నన్నచో అచ్చటినుండి లేచి రండు. జీతము యజమాని యిచ్చునదే గాని, పనివాడు కట్టునది గాదు. ఆడపిల్లయైనను, మగపిల్లవాడైనను మొదటిసారి పోవునప్పుడు ఇంటిపెద్ద నొకరిని వెంటబెట్టుకొని పోవుటలో చిన్నతన మేమియు లేదు.

తల్లిదండ్రులకు రెండు మాటలు. సెలవులపని చదువునకు తోడు కావలెను గాని, దానికి బదులు కారాదు. జూన్ వచ్చి బడి తెరచినను పని బాగున్నది గదాయని పిల్లవానిని దుకాణముననే యుంచుట, నాలుగు రూపాయలకై నలుబదియేండ్ల బ్రతుకును తాకట్టు పెట్టుటయే. వాడు తెచ్చిన ధనమును వానిపేర బ్యాంకులో వేయుడు. పదేండ్లు దాటిన పిల్లలు తమ పొదుపుఖాతాను తామే నడుపుకొనుటకు రిజర్వుబ్యాంకు బ్యాంకులకు వెసులుబాటు కల్పించియున్నది. బయోడేటాను మాత్రము మీరు వ్రాసిపెట్టవలదు. అక్షరదోషములు దిద్దుడు, మరచిన పనిని జ్ఞాపకము చేయుడు. వాక్యము వానిదిగనే యుండనిండు. ఉపాధ్యాయులు తెలుగు తరగతిలో లేఖారచన చెప్పునప్పుడు, సెలవు దయచేయుమని ప్రధానోపాధ్యాయునకు వ్రాయు నుత్తరముతో సరిపుచ్చక, పని నడుగు నుత్తరమును గూడ ప్రతివిద్యార్థిచేతను ఒక్కసారి వ్రాయించినచో ఎంతయో మేలు.

చివరిమాట తోటల యజమానులకును, వర్తకులకును. ఒక పిల్లవాడు కాగితము తెచ్చి మీ బల్లపై నుంచినప్పుడు, పని లేకపోయినను, లేదని ఒక్క మాటతో జవాబు చెప్పుడు. జవాబు రాని కాగితమునకు ఆ వయసువారు తమలోనే యేదో లోపమున్నదని యర్థము చెప్పుకొందురు. పని యిచ్చినచో వేళలు పాటింపుడు, జీతము ముందుగనే చెప్పుడు, చెప్పిన దినముననే యిండు. జూన్‌లో కాపు ముగిసి పిల్లలు బడికి మరలునప్పుడు, వీరు మావద్ద ఇన్ని వారములు ఈ పని చేసిరి, లెక్క సరిగ నొప్పగించిరి అని రెండు పంక్తులు వ్రాసి, సంతకముచేసి యీయుడు. మీకు ఖర్చులేని ఆ చీటి వారి తరువాతి బయోడేటాలో మొదటి పంక్తి యగును. అప్పుడు వారి లెక్కకు సాక్షి ఇంటివారు గాక, ఊరివారగుదురు.